1951 ప్లిమత్: 6 వోల్టుల వైరింగును అసలు రూపం పోకుండా 12కు మార్చడం ఎలా?

పర్లాకిమిడి కోడలు:

అందరికీ నమస్కారం. మా మామగారి తండ్రి కొన్న 1951 ప్లిమత్ క్రాన్‌బ్రూక్ కారు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ ఇంజిన్, 6 వోల్టుల బ్యాటరీ, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బండి ఇనుముకు కలిసి ఉంటుంది). ఇంజిన్‌కు పోయిన ఏడాదే పిస్టన్ రింగులు వేయించాం, వాల్వులు గ్రైండింగ్ చేయించాం. బండి నడకలో వంక పెట్టడానికి ఏమీ లేదు. బాధంతా కరెంటు దగ్గరే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. అదే టెక్కలి దాకా వెళ్లి ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత ఆపితే మళ్లీ తిరగదు, మూలుగుతుంది. చల్లబడేదాకా చెట్టు కింద కూర్చోవాలి, లేదా తోయడానికి నలుగురిని పిలవాలి. రాత్రి పాతపట్నం వైపు నుంచి వస్తుంటే హెడ్‌లైట్లు పసుపు పచ్చగా వెలుగుతాయి. మలుపుల దగ్గర రోడ్డు అంచు కనిపించక మా వారు పదే పదే బ్రేకు తొక్కుతూ నడుపుతారు.

ఒక మెకానిక్ ఈ డైనమో, దాని చార్జింగును అదుపు చేసే కటౌట్ పీకేసి కొత్త కార్ల ఆల్టర్నేటర్ పెట్టేద్దామన్నారు. దానికోసం ఇంజిన్ మీద బ్రాకెట్టుకు రెండు రంధ్రాలు వేయాలట, ఫైర్‌వాల్‌కు ఇంకొకటి. మరొకరు ఏమీ మార్చవద్దు, 8 వోల్టుల బ్యాటరీ చేయించుకుంటే చాలన్నారు. మామగారు రెంటికీ ఒప్పుకోలేదు. ఆయన వయసు ఎనభై దాటింది. వాళ్ల నాన్నగారు కొన్నప్పుడు బానెట్ కింద ఏమేమి ఎక్కడెక్కడ ఉండేవో వేలు పెట్టి చూపిస్తారు. బానెట్ ఎత్తితే డైనమో డైనమోలాగే కనిపించాలి, డ్యాష్‌బోర్డు మీది ఆమ్మీటరు ముల్లు ఎప్పటిలాగే అటూ ఇటూ ఊగాలి, ఇనుము మీద కొత్త రంధ్రం ఒక్కటి కూడా పడకూడదు అన్నది ఆయన షరతు. నాకూ అదే సబబనిపిస్తోంది.

12 వోల్టులకు మారుస్తూనే ఈ షరతు నిలబెట్టుకోవడం సాధ్యమా? ఏ భాగాలు మార్చాలి, ఏవి ఉంచుకోవచ్చు? పాజిటివ్ ఎర్త్‌ను నెగటివ్ చేయాలా? ఫోను చార్జింగుకు ఒక సాకెట్టు కూడా కావాలి. వైరింగు మారిస్తే పాతకాలపు వాహనంగా రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి అడ్డు వస్తుందా? నేను డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి మీటరు పెట్టి కొలవమంటే కొలుస్తాను. కార్ల సంగతి మాత్రం మీరే చెప్పాలి.

ఇప్పటికి కొలిచింది ఇంతే. ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 6.3 వోల్టులు. ఇంజిన్ ఆపి హెడ్‌లైట్లు వేస్తే బల్బు దగ్గర 5.0.

జయపురం జీపు:

మేడమ్, నాది యుద్ధకాలపు విల్లీస్ జీపు. అదీ 6 వోల్టులదే, కాకపోతే నెగటివ్ ఎర్త్. కోరాపుట్ ఘాట్ ఎక్కి దిగే బండి కాబట్టి లైట్ల విషయంలో రాజీ పడలేక 12కు మార్చాను. ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు.

12 వోల్టుల బల్బు ఈ కొండల్లో ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతుంది. 6 వోల్టుల హెడ్‌లైట్ బల్బు కోసం బరంపురం వెళ్లాలి, అక్కడా లేకపోతే విశాఖపట్నం. అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే. మీ బండి హెడ్‌లైట్ 7 అంగుళాల గుండ్రటిది, ఆ కొలతలో హాలోజన్ బల్బు పట్టే అద్దాలు ఇప్పటికీ వస్తున్నాయి. పైకి చూస్తే తేడా తెలియదు.

మార్చాల్సినవి: బల్బులన్నీ, హారన్, ఇండికేటర్ ఫ్లాషర్, కటౌట్, చార్జింగు ఇచ్చే యంత్రం. సెల్ఫ్ మోటారు అలాగే ఉంచవచ్చు. 6 వోల్టుల సెల్ఫ్ 12 మీద ఇంకా చురుగ్గా తిరుగుతుంది, ఎక్కువసేపు నొక్కి పట్టుకోకుండా ఉంటే చాలు. ఆమ్మీటరుకు వోల్టులతో పని లేదు, అదీ ఉంటుంది. స్పార్కు పుట్టించే కాయిల్ కూడా ఉంచుకోవచ్చు, దానికి ముందు కరెంటును తగ్గించే ఒక బాలాస్ట్ రెసిస్టర్ కలపాలి. పెట్రోలు గేజికి మాత్రం వోల్టేజి తగ్గించే చిన్న పరికరం వెనక పెట్టాలి, లేకపోతే కాలిపోతుంది.

నేను ఆల్టర్నేటర్ పెట్టాను. రంధ్రాలు వేయలేదు, డైనమో బోల్టులకే సరిపోయేలా బ్రాకెట్టు లేతు పనివాళ్ల దగ్గర చేయించాను. పాత డైనమో గ్రీజు పూసి గోనెసంచిలో చుట్టి దాచాను. మీ మామగారికి ఆల్టర్నేటర్ నచ్చదంటే వేరే దారి ఉంటుందేమో, పెద్దలు చెబుతారు.

బరంపురం డైనమో:

అమ్మా, 12 సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఆ 6 వోల్టులు సెల్ఫ్ దాకా చేరుతున్నాయో లేదో చూడండి. నేను చిన్నప్పటి నుంచి బరంపురంలో డైనమోలు, సెల్ఫ్‌లు విప్పి కట్టే పనిలోనే ఉన్నాను. ప్లిమత్ కంపెనీ 1955 మోడల్ దాకా 6 వోల్టులతోనే బండ్లు అమ్మింది, 1956లో 12కు వెళ్లింది. అమెరికాలో మంచు పడే ఊళ్లలో కూడా పొద్దున్నే ఆ 6 వోల్టులతోనే ఇంజిన్లు తిరిగాయి. మీ బండి మన ఎండలో తిరగడం లేదంటే దారిలో ఎవరో కరెంటును తినేస్తున్నారని అర్థం. దాన్ని పట్టుకోకుండా 12 వేస్తే జబ్బు అలాగే ఉంటుంది, పైకి మాత్రం కనబడదు.

లెక్క మీకు నేను చెప్పనక్కరలేదు, అయినా చెబుతాను. అదే పని చేయడానికి 6 వోల్టుల బండిలో కరెంటు రెండింతలు పోవాలి. దారిలో ఒక వోల్టు పోయిందంటే ఆరింట ఒక వంతు పోయినట్టు. అదే తీగ, అదే పని, 12 వోల్టులైతే పోయేది అర వోల్టే, అంటే ఇరవై నాలుగింట ఒక వంతు. అందుకే 12 వోల్టుల బండి సన్నని తీగనూ, తుప్పు పట్టిన బోల్టునూ సహిస్తుంది. 6 వోల్టుల బండి సహించదు.

ఇప్పుడు మన దుకాణాల్లో దొరికే బ్యాటరీ కేబుళ్లన్నీ 12 వోల్టుల బండ్ల కోసం చేసినవి. పైన ప్లాస్టిక్ లావుగా ఉంటుంది, కోసి చూస్తే లోపల రాగి సన్నగా ఉంటుంది. కొన్నింటిలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. 25 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి కేబులులో 200 ఆంపియర్లు పోతే మీటరుకు 0.14 వోల్టు పోతుంది. మీకు కావలసింది కనీసం 50, దొరికితే 70 చదరపు మిల్లీమీటర్ల రాగి. వెల్డింగు మిషన్లకు వాడే మెత్తని కేబులు అయితే చక్కగా వంగుతుంది. పైన నల్లటి నూలు అల్లిక తొడిగిస్తే పాత కేబులులాగే కనిపిస్తుంది. కేబులు చివర తొడిగే రాగి లగ్గులు హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించండి. సుత్తితో కొట్టి బిగించేవాళ్ల దగ్గరికి వెళ్లవద్దు.

పాజిటివ్ ఎర్త్ బండ్లలో నేను తరచూ చూసేది ఇంకొకటి ఉంది. బ్యాటరీ పాజిటివ్ పోస్టు నెగటివ్ పోస్టు కంటే లావు. దుకాణంలో దొరికే ఎర్త్ పట్టీకి నెగటివ్ పోస్టు కొలతకు చేసిన క్లాంపు ఉంటుంది. మీ బండిలో ఎర్త్ వెళ్లేది పాజిటివ్ పోస్టు మీదికి. ఆ క్లాంపు దిగదు. అప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? స్క్రూడ్రైవరుతో క్లాంపు నోరు తెరిచి పైపైన కూర్చోబెడతాడు, లేదా పోస్టునే ఆకురాయితో అరగదీస్తాడు. పోస్టు చుట్టూ తాకాల్సిన క్లాంపు రెండు చోట్ల మాత్రమే తాకుతుంది. మీ బండిలో ఈ పని జరిగిందో లేదో ఇవాళే చూడండి.

ఆ తర్వాత ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ. ప్లిమత్ ఇంజిన్ రబ్బరు మీద కూర్చుంటుంది. 1931 నుంచి ఫ్లోటింగ్ పవర్ అని వాళ్లు గొప్పగా చెప్పుకున్నది ఆ అమరికనే. కుదుపు తెలియకుండా చేసే ఆ రబ్బరు కరెంటును కూడా ఆపేస్తుంది. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య పట్టీ తెగితే లైట్ల కరెంటు చోక్ తీగలోంచి, యాక్సిలరేటర్ కడ్డీలోంచి దారి వెతుక్కుంటుంది. చోక్ తీగ ఎప్పుడైనా వేడిగా తగిలిందంటే ఇంక అనుమానం అక్కరలేదు.

మీటరు పెట్టడం ఇలా. కాయిల్ తీగ తీసేయండి, ఇంజిన్ అందుకోకూడదు. ఒకరు సెల్ఫ్ నొక్కుతుంటే మీరు ముందు బ్యాటరీ రెండు పోస్టుల మధ్య కొలవండి. తర్వాత సెల్ఫ్ స్టడ్‌కూ సెల్ఫ్ బాడీకీ మధ్య. ఆ తర్వాత బ్యాటరీ పాజిటివ్ పోస్టుకూ సెల్ఫ్ బాడీకీ మధ్య, చివరగా నెగటివ్ పోస్టుకూ సెల్ఫ్ స్టడ్‌కూ మధ్య. మీటరు తీగ మొన క్లాంపు మీద కాదు, పోస్టు సీసం మీదే గుచ్చాలి. చివరి రెండు కొలతల్లో ఏదైనా 0.2 దాటితే ఆ వైపు ఒక్కొక్క అతుకునూ విప్పి శుభ్రం చేయాలి.

కేబుళ్లు బాగున్నా వేడి మీద మూలుగుతుంటే సెల్ఫ్ విప్పించండి. రెండు చివర్లా ఉన్న గన్‌మెటల్ బుష్షులు అరిగితే లోపల తిరిగే ఆర్మేచర్ కిందికి జారి చుట్టూ ఉన్న పోల్ ముక్కలకు రాసుకుంటుంది. విప్పి చూస్తే ఆర్మేచర్ ఇనుము మీద ఒక పట్టీ మేర వెండిలా మెరుస్తూ గీతలు ఉంటాయి. బుష్షులు లేతు మీద తీయించి వేసుకుంటే సరిపోతుంది.

8 వోల్టుల సలహా వినవద్దు. సెల్ఫ్ హుషారుగా తిరుగుతుంది, నిజమే. కానీ దాన్ని నింపడానికి కటౌట్ సర్దుబాటు పెంచాలి, అప్పుడు చార్జింగు 9 వోల్టులు దాటుతుంది. బల్బులు మాడతాయి, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు కాలతాయి. పెంచకపోతే బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

ఇక లైట్లు. 6 వోల్టులకు చేసిన బల్బుకు 5 వోల్టులే అందితే వెలుతురు ఇంచుమించు సగానికి పడిపోతుంది. 45 వాట్ల బల్బులు రెండూ కలిసి 15 ఆంపియర్లు తీసుకుంటాయి. అంత కరెంటూ డ్యాష్‌బోర్డు స్విచ్చులోకి వెళ్లి, కాలి కింది డిమ్మర్ స్విచ్చులోకి దిగి, అప్పుడు ముందుకు వెళుతుంది. డెబ్భై ఏళ్ల ఇత్తడి కాంటాక్టులు అవి. గ్రిల్ వెనక బయటికి కనిపించని చోట 6 వోల్టుల రిలేలు రెండు పెట్టండి, ఒకటి డిమ్‌కు, ఒకటి బ్రైట్‌కు. పాత స్విచ్చులు పాత పనే చేస్తాయి, కాకపోతే రిలేను మేల్కొలిపేంత కరెంటే వాటి గుండా పోతుంది. స్విచ్చుల ఆయుష్షు కూడా పెరుగుతుంది. ఉన్న బోల్టులనే వాడుకుని రిలేలు బిగించవచ్చు, రంధ్రం అక్కరలేదు.

రిలేలకు కరెంటు నేరుగా బ్యాటరీ పోస్టు నుంచి తీయవద్దు. చాలామంది అలాగే చేస్తారు. బ్యాటరీ నుంచి తీస్తే డైనమో ఇచ్చే లైట్ల కరెంటు కూడా ఆమ్మీటరు గుండా వెళ్లి, బ్యాటరీ నిండుతున్నట్టు ముల్లు అబద్ధం చెబుతుంది. కటౌట్ మీద బ్యాటరీ అని రాసి ఉన్న టెర్మినల్ నుంచి తీయండి, మధ్యలో ఫ్యూజు పెట్టండి. అప్పుడు మీ మామగారు చూసే ముల్లు నిజమే చెబుతుంది.

ఇవన్నీ చేశాక కూడా 12 కావాలంటే చెప్పండి. డైనమో ఒళ్లు మార్చకుండా దాని లోపలే మార్చే పద్ధతి ఉంది.

గుణుపురం బండి:

అమ్మా, రిజిస్ట్రేషన్ గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో పాతకాలపు వాహనాలకు వేరే పద్ధతి పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల సొంత వాహనాలు దాని కిందికి వస్తాయి. అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు అన్నది నిబంధన. వైరింగు ఆ మూడింటిలో లేదు. కానీ ఇంజిన్ బ్లాకుకు రంధ్రాలు వేసి బ్రాకెట్టు పెడితే తనిఖీకి వచ్చిన అధికారి ఏమంటారో ఎవరు చెప్పగలరు? మీ మామగారి షరతు చట్టం వైపు నుంచి చూసినా మంచిదే.

ఇదివరకే రిజిస్టరైన బండి అయితే పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. కొత్తగా చేయించుకునేవాళ్లకు రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రుసుము 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. ఇలా రిజిస్టరైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు తిప్పవచ్చు. రోజువారీ ప్రయాణాలకు, కిరాయికి వాడకూడదు. తరచూ టెక్కలి వెళ్లి వస్తున్నారంటే ఈ మాట ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోవాలి.

ఇంకో సంగతి. వైరింగు విప్పే ముందు ప్రతి తీగకూ గుడ్డ పట్టీ కట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందో రాసి, ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆ కాలపు తీగలకు రబ్బరు మీద నూలు అల్లిక ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనక వేడికి రబ్బరు పెళుసై, వంచితే పెంకుల్లా రాలుతుంది. పైకి నూలు బాగానే ఉంది కదా అని నమ్మవద్దు. లోపల కొత్త తీగ, పైన అదే రంగు నూలు అల్లిక ఉన్నవి దొరుకుతాయి. పాత తీగలు పారేయకండి, నూలు మీది రంగు దారాలే రేపు ఎవరికైనా పటం.

పర్లాకిమిడి కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. బాబాయిగారూ, మీరు చెప్పినట్టే కొలిచాను. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ పోస్టుల మధ్య 5.4, సెల్ఫ్ దగ్గర 4.3. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ బాడీకి 0.7 పోతోంది, నెగటివ్ వైపు 0.4.

మీరు అన్న క్లాంపే. నోరు తెరిచి కూర్చోబెట్టి, ఖాళీలో సీసం రేకు ముక్క దూర్చారు. ఎర్త్ పట్టీ ఇంజిన్‌కు తగిలే చోట లగ్గు కింద రంగు పూత అలాగే ఉంది. మా వారు ఆ కేబులు ప్లాస్టిక్‌ను బ్లేడుతో నిలువునా చీల్చారు. లగ్గు దగ్గర రాగి పోగులు నల్లబడి, వేళ్లతో నలిపితే ఆకుపచ్చని పొడి రాలింది. జానెడు లోపలికి వెళ్లినా రాగి రంగు కనిపించలేదు. మామగారు కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని చూశారు. ఆ కేబులు అసలుది కాదని, ఆయన నడిపే రోజుల్లో దానికి నూలు అల్లిక ఉండేదని అన్నారు.

విశాఖపట్నం నుంచి 70 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగు కేబులు తెప్పించి, లగ్గులు ప్రెస్ చేయించాం. పాజిటివ్ పోస్టుకు సరైన కొలత క్లాంపు వేశాం, లగ్గు కింద రంగు గీకి బిగించి పైన పెట్రోలియం జెల్లీ రాశాం. ఇంజిన్‌కూ ఫైర్‌వాల్‌కూ మధ్య పట్టీ అసలు లేనే లేదు, అక్కడ ఉన్న పాత బోల్టుకే అల్లిక రాగి పట్టీ వేశాం. ఇప్పుడు బ్యాటరీ దగ్గర 5.3, సెల్ఫ్ దగ్గర 5.0. నిన్న మధ్యాహ్నం ఎండలో టెక్కలి వెళ్లి, అక్కడ ఇంజిన్ ఆపి, వెంటనే సెల్ఫ్ కొట్టాం. అందుకుంది.

బాడీ ఎర్త్ బాగుపడేసరికి హెడ్‌లైట్ దగ్గర కూడా 5.0 కాస్తా 5.5 అయింది. రిలేలు ఇంకా వేయలేదు.

మామగారు ఇంక 12 మాట ఎత్తవద్దంటున్నారు. నాకు రెండు సందేహాలు మిగిలాయి. డైనమో చార్జింగు సరిగా చేస్తోందా అన్నది ఎలా తేల్చుకోవాలి? 6 వోల్టుల పాజిటివ్ ఎర్త్ మీద ఫోను సాకెట్టు పెట్టవచ్చా? ఇది నా కోసం కాకపోయినా, డైనమో లోపలే 12కు మార్చే పద్ధతి కూడా రాయండి. ఎవరికైనా పనికి వస్తుంది.

జయపురం జీపు:

మేడమ్, చాలా సంతోషం. మా జీపు మార్చడానికి ముందు ఈ కొలతలు నేనూ తీసి ఉంటే బాగుండేదనిపిస్తోంది. అయినా ఘాట్ రోడ్డు మీద వెలుతురు కోసం 12 మంచిదనే ఇప్పటికీ అంటాను. ఏడాదికి కొన్నిసార్లు బయటికి తీసే కారుకూ, వారం వారం కొండ ఎక్కే బండికీ ఒకే సలహా సరిపోదు.

బరంపురం డైనమో:

జయపురం బాబు మాట సబబే. పని చేసే బండికి 12 వేయడంలో తప్పు లేదు, ఆయన రంధ్రం వేయకుండా చేశారు, డైనమో దాచారు. అదే ముఖ్యం.

అమ్మా, డైనమో సంగతి. ఇంజిన్ కొంచెం రెయిజు చేసి బ్యాటరీ పోస్టుల మధ్య కొలవండి. బ్యాటరీ నిండి ఉంటే 7.2 ప్రాంతంలో ఆగాలి. 7.5 దాటితే బ్యాటరీ నీళ్లు తాగుతుంది, 6.6 దగ్గరే ఉండిపోతే నిండదు. తక్కువగా ఉంటే ముందు డైనమో వెనక పట్టీ విప్పి, కార్బన్ బ్రష్షులు రాసుకునే రాగి కమ్యుటేటర్ చూడండి. కాఫీ రంగులో నున్నగా ఉంటే మంచిదే. నల్లగా ఉండి, రాగి గళ్ల మధ్య మైకా రాగితో సమానంగా పైకి వచ్చిందంటే కార్బన్ బ్రష్షులు ఎగిరెగిరి పడుతున్నాయి. హాక్సా బ్లేడు ముక్క అంచు సన్నగా అరగదీసి, ఆ మైకాను గడి గడికీ కొంచెం లోతుగా గీకాలి. ఓపిక ఉన్నవాళ్ల పని అది, తొందర ఉన్నవాళ్లకు ఇవ్వవద్దు.

డైనమో విప్పి కట్టినా, బ్యాటరీ తీసి పెట్టినా, ఇంజిన్ స్టార్టు చేసే ముందు దానికి ఎర్త్ పాజిటివో నెగటివో గుర్తు చేయాలి. మీ బండి ఆటోలైట్ డైనమోకు కటౌట్ మీద బ్యాటరీ టెర్మినల్‌నూ, డైనమో ఆర్మేచర్ తీగ వచ్చే టెర్మినల్‌నూ చిన్న తీగతో ఒక్క క్షణం తాకించి తీసేయడమే. చిన్న నిప్పురవ్వ వస్తుంది, భయపడవద్దు. ఫోర్డు బండ్లకు పద్ధతి వేరు, అక్కడ ఇలా చేస్తే కటౌట్ పాడవుతుంది. అందుకే ఎవరైనా ఇది చదివి తమ బండికి చేసే ముందు తమ డైనమో ఫీల్డు (అయస్కాంతం పుట్టించే కాయిల్) ఎక్కడ ఎర్త్ అవుతుందో చూసుకోవాలి.

12కు లోపలే మార్చడం అంటే రివైండింగే. ఆర్మేచర్‌లో చుట్లు రెండింతలు, తీగ అడ్డుకోత సగం. ఫీల్డు కాయిళ్లకూ అంతే. బరంపురంలో పంపు మోటార్లు చుట్టేవాళ్లు ఈ పని చేయగలరు, పాత కాయిల్ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి రాసుకునేవాడైతే చాలు. డైనమో ఒళ్లు, పేరు చెక్కిన రేకు, పుల్లీ అన్నీ పాతవే. కటౌట్‌కు 12 వోల్టులది తీసుకుని, పాత కటౌట్ డబ్బా దాని మీద బోర్లించాలి. డబ్బాలోని పాత యంత్రం దాచుకోవాలి. బ్యాటరీ కూడా పాత నల్ల రబ్బరు పెట్టెలో చిన్న 12 వోల్టులది కూర్చోబెట్టవచ్చు. పాజిటివ్ ఎర్త్ అలాగే ఉంచవచ్చు, వోల్టులు మార్చినంత మాత్రాన ఎర్త్ మార్చాలని లేదు. ఎర్త్ మార్చితే కాయిల్ రెండు సన్న తీగలు, ఆమ్మీటరు వెనక తీగలు అటుదిటు మార్చాలి, డైనమోకు మళ్లీ గుర్తు చేయాలి. సెల్ఫ్ మాత్రం ఎటు పెట్టినా అటే తిరుగుతుంది, ఫీల్డూ ఆర్మేచరూ రెండూ కలిసి తిరగబడతాయి కాబట్టి. సెల్ఫ్‌కు కరెంటు కలిపే సొలినాయిడ్ 6 వోల్టులది 12 మీద ఉంచవద్దు, నాలుగింతల వేడి పుట్టి మాడుతుంది. పాత వాల్వు రేడియో ఉంటే దానికి వేరే కన్వర్టర్ కావాలి.

ఫోను సాకెట్టు పెట్టవచ్చు. కానీ దుకాణంలో దొరికే చార్జర్లకు బయటి లోహం నెగటివ్. దాన్ని మీ డ్యాష్‌బోర్డు ఇనుముకు బిగిస్తే, ఆ ఇనుము పాజిటివ్ కాబట్టి అక్కడికక్కడే షార్టు. 6 వోల్టుల మీద పని చేసే కన్వర్టర్ తీసుకుని, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, బాడీకి ఎక్కడా తగలకుండా గ్లవ్ బాక్సులో ఉంచండి. నెగటివ్ తీగను ఫ్యూజు వేసి కటౌట్ నుంచి తీయండి, పాజిటివ్‌ను ఎర్త్ బోల్టుకు ఇవ్వండి. ఫోను లోహపు వెనక భాగం కూడా బాడీకి తగలనివ్వవద్దు, చార్జింగు తీగ మీది లోహపు తొడుగు నెగటివే.

రిలేలు వేసేటప్పుడు హెడ్‌లైట్ డబ్బాల ఎర్త్ కూడా విడిగా తీగ వేసి బాడీకి బిగించండి. మడ్‌గార్డు బోల్టుల మధ్య రంగు ఉంటుంది, ఇంకా తగ్గుతున్న ఆ అర వోల్టు మీకు అక్కడే దొరుకుతుందని నా అంచనా. కొలిచి రాయండి.